కింద చేర్చిన వాక్యం

ఉదయం తొమ్మిదీ పదికి విజయవాడ ల్యాబ్ నుంచి ఒక మెయిల్ మా సర్వర్‌కు చేరింది. ఆ నిమిషంలోనే నా ఫిల్టర్ దాన్ని పారేసింది. ఆ నిమిషాన్ని ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. ఇవాళ మీకు చెబుతున్నాను.

గుడివాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. మా అక్క అక్కడే నర్సు. దొంగ మెయిళ్లు ఎక్కువయ్యాయని, పంపినవారి డిజిటల్ సంతకం సరిచూసే ఫిల్టర్ పెట్టాను. మెయిల్లో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం చెల్లదు. చెల్లకపోతే తీసుకోవద్దని పంపేవారే ముందుగా చెప్పిపెట్టవచ్చు. అలా చెప్పే సంస్థలు తక్కువ. ఆ ల్యాబ్ ఒకటి. అలాంటి మెయిల్‌ను ఎవరికీ కబురు లేకుండా పారేసేలా పెట్టింది మాత్రం నేనే. ఫిర్యాదులు ఉండవని.

ఆసుపత్రి నడిపే పాస్టరయ్యగారి కోరిక మీద, వచ్చే ప్రతి మెయిల్ కింద ఒక బైబిల్ వాక్యం చేర్చే ఫిల్టర్ అప్పటికే ఉంది. కొత్తదాన్ని దాని వెనక పెట్టాను. అంటే ముందు మేమే మెయిల్‌ను మార్చి, తర్వాత మారిందని పారేస్తున్నాం. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? పరీక్షించాను కూడా, నా సొంత మెయిల్‌తో. దానికి సంతకమే లేదు, అందుకే ఆగకుండా వచ్చేసింది.

అక్క రొమ్ములో గడ్డ కనబడితే ముక్క తీసి ఆ ల్యాబ్‌కు పంపారు. పది రోజులు దాటాక, క్యాంటీన్‌లో తన చేపముక్క నా పళ్లెంలో వేస్తూ అడిగింది.

"రిపోర్టు రాలేదేంట్రా? నీ డబ్బా మింగేసిందా ఏంటి?"

"ఏదన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారక్కా."

"అంతేలే. చెడ్డ కబురైతే ఆగుద్దా?"

నవ్వింది. మళ్లీ అడగలేదు.

నెలల తర్వాత నొప్పి మొదలైంది. రిపోర్టు ఎప్పుడో పంపామన్నారు ల్యాబ్ వాళ్లు. సర్వర్ రికార్డు తెరిచాను. తొమ్మిదీ పది. ల్యాబ్ పేరు, పక్కన పారేసినట్టు గుర్తు. ఫిల్టర్ల వరస మార్చడానికి అర నిమిషం పట్టలేదు. డాక్టరుగారు అడిగితే, లోపం ల్యాబ్‌దేనన్నాను. అక్క నమ్మింది. బందరులో అక్క సమాధి దగ్గర బావ ల్యాబ్ వాళ్లనే తిట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ముందే తెలిస్తే బతికేదా? తెలియదు. ఆ ప్రశ్న వెనక చాలాకాలం దాక్కున్నాను. ఫోన్ చేస్తారన్న మాట మాత్రం నాది.

అక్కను సమాధి చేసిన మర్నాడు వాక్యం చేర్చే ఫిల్టర్ తీసేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ ఆసుపత్రి మెయిళ్ల కింద ఇప్పుడు ఏ వాక్యమూ చేర్చడం లేదు.