ఒక్క బొత్తం కొట్టు

అమ్మమ్మకి ముక్కు మీద కోపం ఉంటుందని అందరూ అంటారు గానీ, అది అన్యాయం. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. కోపం ఉండేది నాలుక మీద. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కుతూ, దారం పంటితో తెంపీ తెంపీ ఆ నాలుకకి పదును వచ్చిందని తాతయ్య అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ మాట అనడానికి కూడా ఇంట్లో మనిషి లేడు.

మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో మిషను, దాని మీద దుప్పటి. వేళ్ళు బిగుసుకుపోవడం మొదలయ్యాక అమ్మమ్మే దానికి దుప్పటి కప్పింది, జ్వరం వచ్చిన మనిషికి కప్పినట్టు. వెనక గదిలో మంచం, మంచం కింద ఇరవై మూడు డబ్బాలు. బిస్కెట్ల డబ్బాలు, పాలపొడి డబ్బాలు, ఒకటి తాతయ్య మందుల డబ్బా. అన్నిట్లోనూ బొత్తాలే. చెక్కవి, ఇత్తడివి, కొమ్మువి, ముత్యపుచిప్పవి. అమ్మమ్మ చేతికి వచ్చిన ఏ పాత బట్టా బొత్తం ఒలిపించుకోకుండా బయటికి వెళ్ళలేదు.

ఆ డబ్బాల్ని చూసే కూతురికి ఆలోచన వచ్చింది. కూతురుది నగరానికి అవతలి కొసన ఉద్యోగం. గురువారం గురువారం ఫోను చేస్తుంది, నెలకోసారి వస్తుంది. అలా వచ్చిన ఒక రోజు, ఫోనులో అమ్మమ్మకి కొట్టు తెరిచి పెట్టింది.

"ఒక్క బొత్తం ఊడిపోతే జనం కోటు మొత్తం మూలన పడేస్తున్నారమ్మా. అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు. వాళ్ళు ఫోటో పంపుతారు, నువ్వు వెతికి పంపు."

"ఒక్క బొత్తం కోసం నా మొహం చూసేదెవరే?"

"నీ మొహం ఎవరూ చూడరు. అదే దీని గొప్ప."

కొట్టు పేరు 'ఒక్క బొత్తం'. ఏడు నెలల్లో ముప్పై నాలుగు మంది కొన్నారు. ఎవరైనా ఫోటో పంపితే అమ్మమ్మకి ఆ రోజంతా పండగే. మంచం కింద నుంచి డబ్బాలు లాగి, దుప్పటి మీద కుమ్మరించి, ఫోనులో బొమ్మని పెద్దది చేసుకుని, "ఓహో, నువ్వా! నీ తోడబుట్టినవాడు నా దగ్గరే ఉన్నాడు" అని బొత్తంతో మాట్లాడుతూ వెతికేది. దొరికినదాన్ని చిన్న అట్టముక్కకి కుట్టి కవరులో పెట్టేది. ఊరికే వేస్తే కవరు మూలన దూరి పోతుందని ఆవిడ భయం.

ఆ తర్వాత తలుపు చప్పుడు. కొరియర్ అతను. యాభై దాటిన మనిషి, మూడంతస్తులు ఎక్కి రొప్పుతూ ఉంటాడు. "పెద్దమ్మా, కవరు" అంటాడు. యంత్రం చూపించి వేలితో సంతకం పెట్టించుకుంటాడు, కవరు పట్టుకుని వెళ్ళిపోతాడు. అంతా కలిపి నిమిషం పట్టదు. పాలు గుమ్మం సంచీలో పడతాయి, పేపరు తలుపు కింద నుంచి దూరుతుంది. కాబట్టి వారమంతట్లో అమ్మమ్మ తలుపు కొట్టేది అతనొక్కడే. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కూతురితో మాత్రం, "ఆ కొరియర్ వాడి నస భరించలేకపోతున్నాను" అనేది.

అలా ఉండగా ఒక సోమవారం పొద్దున ఫోను టింగుమంది. కొట్టుకి కొత్త రివ్యూ వచ్చింది. ఒక చుక్క వెలుగుతోంది. ఇంతకుముందు చుక్కలు పెట్టింది ముగ్గురే, ఇద్దరు ఐదేసి, ఒకాయన కవరు నలిగిందని నాలుగు. అందుకని ఇంకో చుక్క వచ్చి చేరింది కాబోలని అమ్మమ్మ సంతోషించింది. కళ్ళజోడు సర్దుకుని కింద రాసింది చదివాక గానీ సంగతి తెలియలేదు.

'బొత్తం విరిగి వచ్చింది. మోసం. ఎవరూ కొనకండి.'

కింద ఫోటో. గోధుమరంగు కొమ్ము బొత్తం, రెండు ముక్కలు.

అమ్మమ్మ ఆ ఫోటోని వేళ్ళతో సాగదీసింది. ఇంకా సాగదీసింది. విరిగింది కన్నాల వెంబడి, గీత గీసినట్టు. అంచు మీద తెల్లగా మెరిసే గాటు. పక్కనే చీలికలైన అట్ట.

"కత్తితో పొడిచాడు! నా బొత్తాన్ని కత్తితో పొడిచి, నన్ను మోసం అంటాడా!" అని గోడతో అంది. గోడ ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి, ఫోనులో ఈ కొట్లు పెట్టించే కంపెనీ నుంచి ఇంకో కబురు. మీ సగటు నాలుగు కన్నా తగ్గింది, ఈ నెలాఖరుకి తిరిగి నాలుగుకి చేరకపోతే మీ కొట్టు మూసివేయబడును. నెలాఖరుకి పదకొండు రోజులుంది.

వెంటనే జవాబు రాయడానికి కూర్చుంది. ఒక్క వేలితో, రెండు గంటలు. నలభై ఏళ్ళలో తను ఎన్ని వేల బొత్తాలు కుట్టిందో, వాటిలో ఎన్ని ఊడలేదో, కొమ్ము బొత్తం దానంతట అది ఎలా విరుగుతుందో, కత్తి పడితే ఎలా విరుగుతుందో, ఇలాంటి మనిషిని కన్నవాళ్ళు ఎంత బాధపడుతుంటారో, అన్నీ రాసింది. మూడు వందల అక్షరాలు దాటకూడదని ఫోను ఎర్రగా చెప్పింది. అమ్మమ్మది మొదటి తిట్టుకే మూడు వందలు దాటింది.

సరే, కంపెనీ వాళ్ళకే మొరపెట్టుకుందామని సహాయం అన్న బొమ్మ నొక్కింది.

'నమస్తే! నేను మీకు ఎలా సహాయపడగలను?'

అమ్మమ్మకి ప్రాణం లేచివచ్చింది. జరిగింది జరిగినట్టు రాసింది.

'మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకోగలను. రివ్యూ కొనుగోలుదారు సొంత అభిప్రాయం. దానిని తొలగించలేము. ఇంకేమైనా సహాయం కావాలా?'

పాపం, ఏం చేస్తుంది, ఉద్యోగం అలాంటిది అనుకుంది అమ్మమ్మ. 'ఏం లేదులే తల్లీ. భోంచేశావా?' అని రాసింది.

'క్షమించండి. మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు.'

అమ్మమ్మ ఆ మాటని చాలాసేపు చూసింది. అది మనిషి కాదని గురువారం కూతురు చెబితే తెలిసింది. నవ్వి ఊరుకుంది.

"అయినా ఇదో పెద్ద సమస్యా అమ్మా?" అంది కూతురు ఫోనులో. "ఇంకొక్కరు ఐదు పెడితే చాలు, సగటు సరిగ్గా నాలుగవుతుంది. నేనే ఒక బొత్తం కొని ఐదు పెట్టేస్తాను."

"ఏ కోటుకే?"

"ఏ కోటుకీ కాదు."

"కోటు లేనిదానివి బొత్తం ఏం చేసుకుంటావు, నుదుటికి కుట్టుకుంటావా?"

"అబ్బా! నేను నీ కూతుర్నని వాళ్ళకేం తెలుసమ్మా?"

"నాకు తెలుసు కదే."

ఫోనులో వెనక ఎవరో కూతుర్ని పిలుస్తున్నారు. "పోనీ మూసేస్తే మూసెయ్యనీ. ఈ వయసులో నీకెందుకీ గోల? హాయిగా విశ్రాంతి తీసుకో."

"అలాగేలే" అని ఫోను పెట్టేసింది అమ్మమ్మ. ఆవిడ దగ్గర లేనిది విశ్రాంతి ఒక్కటేనన్నట్టు! పొద్దున లేస్తే రెండు గదుల నిండా అదే ఉంది. ఊడ్చినా పోవడం లేదు.

కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించింది. చుక్కలు పెట్టండి అని ఎవరినీ అడగలేదు, అడగదు. మిషను తొక్కే రోజుల్లో కూడా ఎలా కుట్టానని ఎవరినీ అడగలేదు. కానీ ఒకటి మాత్రం అడిగేది. బట్ట పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎదురుపడితే, "బొత్తాలు ఆగాయా?" అని. అది అడగడం దర్జీకి తప్పు కాదు.

ముప్పై నాలుగు మందిలో రివ్యూలు రాసిన నలుగుర్నీ తీసేస్తే ముప్పై మంది. ఒక్క వేలితో, ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. 'బొత్తం ఎలా ఉంది? ఊడలేదు కదా?' అంతే. చుక్క మాట ఎత్తలేదు. రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్నానానికి వెళితే తలుపు బయట పెట్టి, తలుపు ఓరగా తీసి ఉంచింది. మొదటి రోజు ఒక్కటీ రాలేదు. రెండో రోజు ఒకాయన, 'మీరెవరు?' అన్నాడు. ఇంకొకాయన, 'బొత్తం బాగానే ఉంది, చొక్కాయే పోయింది' అన్నాడు. అమ్మమ్మ గట్టిగా నవ్వి, ఖాళీ గదిలో తన నవ్వు తనకే వినిపించేసరికి ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

మూడో రోజు ఒకావిడ రాసింది. 'ఊడలేదండీ. కాకపోతే ఏమీ అనుకోకండి, అట్ట నుంచి దాన్ని తీయడానికి మా ఆయన పటకారు తేవాల్సి వచ్చింది.' వెనకాలే ఇంకొకరు. 'అట్ట నానబెట్టి చింపాను.' ఇంకో అమ్మాయి, 'నాకు రాక, దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళాను' అంది.

అమ్మమ్మ నవ్వడం ఆపేసింది.

లేచి అట్టముక్క తెచ్చింది. ఎప్పటిలాగే రెండు పేటల దారానికి మైనం పట్టించి, నాలుగు కన్నాల్లోంచి మూడేసి సార్లు లాగి, కింద మెడలా దారం చుట్టి, ముడి ఎవరికీ కనబడకుండా లోపలికి తోసి, బొత్తం కుట్టింది. కోటుకి ఎలా కుడుతుందో అచ్చం అలాగే. బొత్తం కుట్టడమంటే ఆవిడ చేతికి అదొక్కటే తెలుసు, అది అట్టయినా, కోటయినా. కుట్టాక దాన్ని తీయబోయింది. కొనేవాళ్ళ దగ్గర దర్జీ కత్తెర ఉండదు కాబట్టి తనూ పట్టుకోలేదు. గోరు దూరలేదు. వంటింటి కత్తి తెచ్చి మొన దోపి ఎత్తింది. కత్తి జారి బొటనవేలికి తగిలింది. బొత్తం కదల్లేదు. తన కుట్టు తనకే లొంగలేదు.

వేలు నోట్లో పెట్టుకుని, ఆ ఒంటి చుక్క ఫోటోని మళ్ళీ తెరిచింది. ఇన్నాళ్ళూ విరుపునే చూసింది. ఇప్పుడు వెనకాల ఉన్నదాన్ని చూసింది. కుర్చీకి తగిలించిన ఉన్ని కోటు. బొత్తం ఉండాల్సిన చోట పిన్నీసు. దాని కింది బొత్తం ఎవరో తెల్లదారంతో, అడ్డదిడ్డంగా కుట్టుకున్నదే. గోధుమరంగు కోటు మీద తెల్లదారం! సూది పట్టడం రాని చెయ్యి, పక్కన చెప్పేవాళ్ళు లేని చెయ్యి.

"విరిచింది నువ్వే. మోసం అన్నావు చూడు, అది మాత్రం తప్పు" అంది అమ్మమ్మ ఫోటోతో, కానీ గొంతు తగ్గించి.

ఇప్పుడు జవాబు రాయడానికి రెండు గంటలు పట్టలేదు. 'బొత్తం ఇక్కడి నుంచి వెళ్ళినప్పుడు బాగానే ఉంది. తీసేటప్పుడు విరిగింది. అంత గట్టిగా అట్టకి కుట్టడం నా పొరపాటు. అలాంటిది ఇంకోటి పంపుతున్నాను. ఇది మోసాల కొట్టు కాదు.' చివరి మాట తీసేద్దామా అని ఆలోచించి, ఉంచేసింది. ఆ మాత్రం ఉండాలి.

ఆ జత బొత్తం కోసం పదిహేడు డబ్బాలు వెతికింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఊడిపోయేలా కుట్టాలి. బస్తా మూతికి వేసే గొలుసు కుట్టు ఉంటుంది, ఒక కొస లాగితే మొత్తం జరజరా వచ్చేస్తుంది. అమ్మమ్మకి ఆ కుట్టు చిన్నప్పటి నుంచీ తెలుసు, దాన్ని కుట్టుగా ఏనాడూ లెక్కపెట్టలేదు. మొదటిసారి వేస్తుండగానే చెయ్యి దానంతట అది వెనక్కి వెళ్ళి ముడి వేసేసింది. విప్పింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ముడి. "ఆగవే, నీకేం పోయింది!" అని చేతిని తిట్టింది. అయిదోసారికి కుదిరింది. కొసకి ఎర్రదారం కట్టి, పక్కన అట్ట మీద 'ఇది లాగండి' అని రాసింది.

కొరియర్ అతను ఆ కవరు తీసుకుంటూ, "ఈ మధ్య కవర్లు తగ్గాయేం పెద్దమ్మా?" అన్నాడు.

"ఈ నెలాఖరుకి మూసేస్తారట" అంది అమ్మమ్మ, వాన పడేలా ఉందన్నట్టు.

"అయ్యో! మరి ఈ మెట్లు నాకు తప్పుతాయన్నమాట" అని నవ్వి దిగిపోయాడు. అమ్మమ్మ కూడా నవ్వింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వెళ్ళి ఆగేవరకూ తలుపు వెయ్యలేదు.

ఒంటి చుక్క ఆయన ఉలకలేదు, పలకలేదు. బొత్తం అందిందో లేదో కూడా చెప్పలేదు. ఫోనులో ఆ చుక్క, ఆ 'మోసం' అలాగే ఉన్నాయి. కింద అమ్మమ్మ జవాబు ఉంది, ఎవరూ కూర్చోని కుర్చీలాగా.

నెలాఖరు రోజు అమ్మమ్మ డబ్బాలన్నీ తుడిచి మంచం కిందికి తోసేసింది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. లేచి చూసేసరికి ముప్పైమందిలో ఒకరు, ఇన్నాళ్ళకి తీరిక చేసుకుని, సరాసరి రివ్యూ రాసేశారు.

'ఐదు నెలలయింది. ఉతికాను, ఆరేశాను, మా చంటాడు నమిలాడు. ఊడలేదు. నేను కొన్న వస్తువు ఎలా ఉందని ఇన్నేళ్ళలో నన్నడిగింది ఈవిడొక్కరే.'

ఐదు చుక్కలు. అమ్మమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది, నాలుగుసార్లు. సాయంత్రానికి కొట్టు పేరు పైన, మూసేస్తామని పెట్టిన ఎర్రగీత పోయింది. కూతురికి చెబుదామని ఫోను ఎత్తి, ఇవాళ గురువారం కాదని పెట్టేసింది.

కొత్త నెల నాలుగో రోజున ఒక ఫోటో వచ్చింది, నీలం బొత్తం. అమ్మమ్మ గొలుసు కుట్టు వేసి, కవరు అంటించి, పదింటికే తల దువ్వుకుని, పన్నెండింటి నుంచీ ముందు గదిలో అటూ ఇటూ తిరిగింది. ఒంటిగంట దాటాక మెట్ల మీద రొప్పు వినిపించింది. తలుపు చప్పుడయింది.

అమ్మమ్మ తలుపు వెనకే ఉంది, చెయ్యి గడియ మీదే ఉంది. అయినా తియ్యలేదు. ఏదో పనిలో ఉన్న మనిషిలా, రెండోసారి కొట్టేదాకా ఆగింది.