ఆగని ట్రాక్టరు

ఆ రోజుల్లో బెంగళూరు పక్క కాడుగోడిలో రాగి చేలు ఉండేవంటే ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా నమ్మడు. నాకు మాత్రం చేల కన్నా మోపెడ్ల మీదే మక్కువ. ఒకటీ అరా మోపెడ్లకు వైర్లు కలిపి స్టార్ట్ చేసినంత మాత్రాన పెద్ద ఎలక్ట్రీషియన్‌నయిపోయానని అనుకునేవాణ్ణి (ఊరు అనుకోలేదు).

ఆ ఏడు పెదనాన్న మా చేను లేఅవుట్ వాళ్ళకు అమ్మేశాడు. పేటలో అంగడి చూసుకునే మనిషి, ఏనాడూ ట్రాక్టరెక్కి ఎరగడు. దున్నే నాన్నను మాటవరసకైనా అడగలేదు. "కడాగా ఒక్కసారి దున్నుకుంటానన్నా" అని నాన్న బతిమాలితే, "అమ్మిన చేన్లో నాగలెందుకప్పా, గమ్మున సుమ్నే ఉండు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాత ట్రాక్టరును కూడా నాగళ్ళతో సహా దొడ్డబళ్ళాపురం ఆసామికి బేరం పెట్టాడు. తాళంచెవి దగ్గరి వైర్లు ఎలుకలు కొరికేసి బండి స్టార్ట్ కావడం లేదు. బాగు చేసే పని నేనే ఎగబడి తీసుకున్నాను.

ఆసామి వచ్చిన రోజు తాళంచెవి తిప్పగానే బండి గుర్రుమంది. నేను ఉబ్బిపోయి, ఆపి కూడా చూపిద్దామని వెనక్కి తిప్పాను. ఆగలేదు. తాళంచెవి పీకేశాను, ఆగలేదు. చెమటలు పట్టి, కలిపిన వైర్లన్నీ లాగేసి, ఆఖరికి బ్యాటరీ కూడా ఊడదీశాను. అది నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంది.

"ఏం చేసినావురా!" అని పెదనాన్న గావుకేక పెట్టాడు.

నాన్న తాపీగా సీటెక్కాడు. "ఆగేట్టు లేదన్నా. మావాడి వైరింగు ఇట్లే ఉంటాది. ఇంటి ముందర పెట్టుకునేదానికన్నా చేన్లోకి తోలేది మేలు" అంటూ పోయి నాగళ్ళు దించేశాడు. ఆసామి నాన్న వైపు ఒకసారి చూసి, మీసాల్లో నవ్వుకుంటూ గట్టున కూర్చున్నాడు. పెదనాన్న మాత్రం నన్ను తిడుతూ గట్టంతా పరుగెత్తాడు.

చేనంతా దున్నాక నాన్న స్టీరింగు కింద ఒక చిన్న పిడి లాగాడు. ఠక్కున ఆగిపోయింది. డీజిల్ బండి ఆపడానికి నా వైర్లతో పనే లేదని అప్పుడు తెలిసింది నాకు.

"ఎవురికీ చెప్పొద్దప్పా" అన్నాడు నాన్న, మట్టిచేత్తో నా మెడ పట్టుకుని. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

నాన్న పోయాక కూడా చెప్పలేదు. పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఆగని మేస్త్రీ వచ్చినాడు" అని నవ్వుతారు, పెదనాన్న అందరికన్నా గట్టిగా. నవ్వనీ. ఆ చేనుండిన చోటే అద్దెకుంటున్నాను. సాయంత్రం బేస్‌మెంట్‌లో కారు పెట్టి బటన్ నొక్కితే, చెప్పిన మాట విని వెంటనే ఆగిపోతుంది, వెధవ కారు.