తర్లుపాడుకు బయలుదేరి, ఢిల్లీ నేల మీదే ఏడు గంటలు

కరుణమ్మక్క పోయిందని ఆమె కూతురు సునీత ఫోన్ చేసేసరికి నేను ఢిల్లీలో, నేను పనిచేసే ఆస్పత్రిలో, మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుంటున్నాను. క్రిస్మస్ అయి నాలుగు రోజులు. కరుణమ్మక్క నాకు రక్తసంబంధం కాదు. తర్లుపాడు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళు నర్సమ్మగా తిరిగిన మనిషి. పదిహేడేళ్ళప్పుడు నేను ఇంటర్ తప్పి, మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తూ ఉండేదాన్ని. దగ్గు మాత్రలు పంచడానికి వచ్చిన కరుణమ్మక్క నన్ను చూసి, "నువ్వు ఈడ కూర్చునే దానివి కాదు, లెయ్" అంది. మళ్ళీ పరీక్ష కట్టించి, నర్సింగ్ దరఖాస్తు తనే నింపి, ఒంగోలుకు ఇంటర్వ్యూకి నా వెంట వచ్చింది. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ దరఖాస్తుతో మొదలైంది.

"రేపు మూడింటికి భూస్థాపన చిన్నమ్మా. నువ్వొస్తావా?" అని అడిగింది సునీత. కరుణమ్మక్కను నేను అక్కా అని పిలుస్తాను కాబట్టి సునీతకు నేను చిన్నమ్మను. ఒక్కతే కూతురు. భర్త పోయాక తల్లి దగ్గరే ఉంటూ అంగన్‌వాడీలో పనిచేస్తోంది. వస్తున్నానన్నాను. మర్నాడు ఉదయం ఆరుంపావు విమానానికి హైదరాబాద్ టికెట్ దొరికింది, తొమ్మిదివేల నాలుగువందలు. ఎనిమిదిన్నరకు దిగి, శ్రీశైలం రోడ్డు మీదుగా కారు పట్టుకుంటే ఆరు గంటల్లోపు తర్లుపాడు. లెక్క సరిపోయింది, అరగంట మిగిలింది కూడా.

మూడింటికే లేచి విమానాశ్రయానికి వెళ్ళాను. దారిలో ముందు కారు వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. అయినా ఐదున్నరకు ఎక్కించారు, ఆరు దాటగానే తలుపు మూశారు. నాది మధ్య సీటు. కిటికీ పక్కన డెబ్బై దాటిన పెద్దాయన, బూడిదరంగు స్వెట్టరు, మఫ్లరు. ఇటు పక్క ఒకతను కూర్చున్న మరుక్షణమే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. విమానం కదిలి కొంచెం దూరం పోయి ఆగింది. పొగమంచు వల్ల అరగంట ఆలస్యమని కెప్టెన్ చెప్పాడు. అరగంట తర్వాత ఇంకో గంట అన్నాడు. ఆ తర్వాత ఎంతసేపో చెప్పడం మానేసి, సహకరించినందుకు ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టాడు.

రైలు ఆగితే కిందికి దిగి నిలబడతాం. బస్సు చెడిపోతే చెట్టు కిందికి చేరి, ఏ ఊరు, ఏ పని అని ఒకరినొకరు అడుగుతాం. ఆగిన విమానంలో అలాంటిదేమీ లేదు. నూట ఎనభై మందిమి ముందు సీటు వెనకభాగం చూస్తూ కూర్చున్నాం. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి నష్టం వాళ్ళది. కిటికీ అవతల సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పైకి ఎగిరాక గానీ తిండి పెట్టబోమన్నారు. చిన్న గ్లాసుల్లో నీళ్ళు మాత్రం ఒకసారి ఇచ్చారు.

ఎనిమిదింటికి సునీత ఫోన్ చేసింది. "యాడికొచ్చినావు చిన్నమ్మా?"

"విమానంలోనే ఉన్నానమ్మా."

"అయితే వచ్చేస్తన్నావు."

"లేదు. అది ఇంకా నేల మీదే ఉంది."

 అవతల మనుషుల గోల, కుర్చీలు జరిపే చప్పుడు వినిపించాయి. "సరేలే. మావాళ్ళతో మాట్లాడతా" అంది. పావుగంట తర్వాత మళ్ళీ చేసి, "ఆరింటిదాకా ఆపుతాం. చీకటిపడితే సమాధుల కాడ కష్టం. ఆరులోపల వచ్చెయ్" అంది. నా కోసం అంతమందిని ఆపమనడానికి నాకేం హక్కుందని ఒకపక్క సిగ్గుగా ఉంది. అయినా వద్దని అనలేదు.

తొమ్మిదిన్నరకు మంచు పల్చబడింది. మన విమానం వరసలో నాలుగోదని ప్రకటించగానే కొందరు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు లేచినా పన్నెండులోపు హైదరాబాద్, ఐదున్నర ఆరుకు తర్లుపాడు. ఆ లెక్కలో ఉండగా నా మోచేతికి తడి తగిలింది. పక్కన పెద్దాయన చెమటలు పట్టి ఉన్నాడు. స్వెట్టరు మెడ దగ్గర తడిసిపోయింది. లోపల అందరూ చలికి శాలువాలు కప్పుకుని ఉన్నారు.

బాగున్నారా అని హిందీలో అడిగాను. ఏదో అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది. చక్కెర జబ్బు ఉందా అంటే తలూపాడు. తెల్లవారుజామున ఇన్సులిన్ తీసుకున్నాడట, విమానంలో తినొచ్చులే అనుకుని ఏమీ తినకుండా ఎక్కాడట. గంట నొక్కి ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి, నేను నర్సునని చెప్పి, పళ్ళరసం, చక్కెర తెమ్మన్నాను. ఆ అమ్మాయి పరుగున తెచ్చింది. పది నిమిషాల్లో ఆయన మాట తేటపడింది. పేరు చెప్పాడు, హైదరాబాద్‌లో కూతురు ఎదురుచూస్తుందన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన కుడిచెయ్యి మెల్లగా గుండె మీదికి పోయి అక్కడే ఆగింది. బరువుగా ఉందా అంటే లేదన్నాడు. దవడ లాగుతుందా అంటే మాట్లాడలేదు. నాడి పట్టుకున్నాను. నాలుగు కొట్టుకుని ఒకటి తప్పుతోంది.

విమానంలో డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని మైకులో అడిగారు. ఎవరూ లేవలేదు. ఎయిర్‌హోస్టెస్ నా సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చెప్పింది: "కెప్టెన్ అడుగుతున్నారు. రెండు గంటలు ఈయన ప్రయాణం చెయ్యగలరా? లేదంటే వెనక్కి తిరగాలి. తిరిగితే వరస పోతుంది, మళ్ళీ ఎప్పుడో తెలియదు."

పెద్దాయనకు అదంతా వినబడింది. నా మణికట్టు పట్టుకుని, "బాగానే ఉన్నానని చెప్పు బేటీ. నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను దించకు" అన్నాడు.

ఇక్కడ దాచకుండా రాయాలి. ఆయన మాట నమ్మేస్తే పోతుందని నాకు అనిపించింది. చక్కెర తగ్గింది, ఇచ్చాం, తేరుకున్నాడు, మనిషే బాగున్నానంటున్నాడు. అలా చెప్తే నన్నెవరూ తప్పుపట్టరు. ఇంకో పది నిమిషాల్లో గాల్లో ఉంటాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఉన్నది ఈ ముసలాయన కాదు, తర్లుపాడు దగ్గర ఇంటి ముందు టెంటు కింద ఉన్న పెట్టె. మళ్ళీ నాడి చూశాను. ఈసారి మూడింటికే తప్పింది.

"దించాలి" అన్నాను.

విమానం తిరుగుతుంటే మూడు వరసల వెనక నుంచి ఒకాయన లేచి, "ఆయనే బాగున్నానంటుంటే మధ్యలో మీకేంటండీ? నాలుగు గంటలు కూర్చున్నాం" అని అరిచాడు. ఇంకెవరో వీడియో తీశారు. నేను తల తిప్పలేదు. చక్రాల కుర్చీలో దించేటప్పుడు పెద్దాయన నా వైపు చూడలేదు. కోపమో, సిగ్గో, భయమో నాకు తెలియదు. ఆయన సామాను వెతికి దించడానికి గంట పట్టింది. ఈలోగా సిబ్బంది డ్యూటీ వేళలు దాటిపోయాయన్నారు, కొత్తవాళ్ళు రావాలన్నారు. పన్నెండింటికి ఒక పొడి శాండ్‌విచ్ ఇచ్చారు. హెడ్‌ఫోన్ల మనిషి తినేసి మళ్ళీ నిద్రపోయాడు. ఖాళీ అయిన కిటికీ సీటులోకి నేను జరగలేదు.

ఒంటిగంటంపావుకు విమానం లేచింది. మూడున్నరకు హైదరాబాద్‌లో దిగగానే సునీతకు ఫోన్ చేశాను. "ఇక ఆగొద్దమ్మా. నేనొచ్చేసరికి తొమ్మిదైద్ది. కానిచ్చెయ్యండి" అన్నాను. తనేమీ అడగలేదు. "సరే చిన్నమ్మా" అని పెట్టేసింది.

బయట టాక్సీల దగ్గర మార్కాపురం అంటే చాలామంది రామన్నారు, అడవి దారి, తిరుగు బేరం ఉండదని. ఒకతను మాత్రం ముందుకొచ్చాడు. ఐదువేల ఐదువందలకు కుదిరింది. "మాది కొమరోలు అక్కా, గిద్దలూరు అవతల. మనూరి దిక్కు బేరమని వచ్చినా" అన్నాడు. పేరు రమణయ్య. కొమరోలులో వానకు పండే నాలుగెకరాలు, మూడుసార్లు బోరేసినా నీళ్ళు పడలేదు, కారు కొని ఇటొచ్చాడు. మార్కాపురం దాకా ఎన్నోసార్లు వచ్చినా ఇంటికి మాత్రం పోలేడట. "ఆడి నుంచి ఇంకా ఎనబై కిలోమీటర్లు. కిరాయి లేకుండా ఎట్ల పోతాం?"

ఐదింటికి డిండి దాటుతుండగా కారు ఆపమన్నాను. ఈ వేళకు అక్కడ మట్టి చేస్తూ ఉంటారని చెప్పాను. రమణయ్య ఇంజను ఆపి, దూరంగా పోయి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. అక్కడ పత్తి ఏరేసిన చేలు, కరెంటు తీగల మీద పిట్టలు. ప్రార్థన చేద్దామనుకుంటే ఒక్క మాటా రాలేదు. లారీలు పోయాయి. ఐదు నిమిషాలకు వచ్చి కూర్చున్నాను. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ పోయింది. దోర్నాలలో ఎనిమిదింటికి జొన్నరొట్టె, పప్పు తిన్నాం. మనిషికి ఎనభై రూపాయలు. రమణయ్య నన్ను మార్కాపురం బస్టాండు దగ్గర లాడ్జీలో దింపి, అడవి గేటు తీసేదాకా దోర్నాలలో పడుకుంటానని వెనక్కి పోయాడు.

లాడ్జీ గుమాస్తా పుస్తకం నా ముందుకు తోసి, "ఏం పని మీద వచ్చినారు మేడం?" అన్నాడు. మా నాయన పోయాక ఈ ఊళ్ళో మాకున్న అద్దె ఇల్లు కూడా లేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఎనిమిదివందలు కట్టి, ఏం పని మీద వచ్చానో రాయాల్సి వచ్చింది. "సొంత పని" అని రాశాను.

మర్నాడు ఉదయం ఏడింటికి తర్లుపాడు ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. అక్కడి నుంచి పల్లెకు ఇంకో ఆటో. ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. టెంటు విప్పేస్తున్నారు. బంధువులు రాత్రే వెళ్ళిపోయారట. సునీత గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని, "పా చిన్నమ్మా" అని సమాధుల దగ్గరికి తీసుకుపోయింది. తడి మన్ను, వాడిన బంతిపూల దండలు, పైన ఒక చెక్క శిలువ. నేను కూర్చుని ఆ మన్ను మీద చెయ్యి పెట్టాను.

నిన్న జరిగిందంతా చెప్పాను. పెద్దాయన చెమటలు, నాడి, దించమని నేనన్న మాట. కరుణమ్మక్క అయినా అదే చేసేదని సునీత అంటుందనుకున్నాను. ఆ మాట వినాలనే చెప్పానేమో కూడా.

సునీత మన్నులోంచి ఒక గులకరాయి తీసి పక్కన పడేసింది. "నేనైతే దించేదాన్ని కాదు చిన్నమ్మా" అంది.

నేను తలెత్తి చూశాను.

"నీ కోసం ఆపినారనుకుంటన్నావా? అమ్మ కోసం అనుకుంటన్నావా? మా పెదనాయన వాళ్ళు ఊరికే తిట్టినారు, ఎవరో రాని మనిషి కోసం ఇంతమందిని కూర్చోబెట్టినావని. నా కోసం ఆపినా. గుంటలో మన్నెయ్యమని పాస్టరుగారు అంటే కాళ్ళు వణికినాయి. పట్టుకునేదానికి పక్కన ఎవరన్నా కావాలిగా. అంతమంది ఉండారు, నా మనిషి ఒక్కరు లేరు." అప్పటిదాకా ఏడవనిది అప్పుడు ఏడ్చింది. "నువ్వు చేసింది తప్పని అనట్లా. నాకట్ల అనిపించిందని చెప్తన్నా."

నేను లేచి తన పక్కకు పోయి నిలబడ్డాను. మధ్యాహ్నం రైలుకు వెనక్కి పోవాలనుకున్నదాన్ని, మూడు రోజులు ఉండిపోయాను.

ఆ రోజంతా విమానంలో, కారులో, లాడ్జీలో నేనే ఒంటరిదాన్ననుకున్నాను. ఏ హక్కూ లేని దుఃఖం నా ఒక్కదానిదేననుకున్నాను. చుట్టాల మధ్య కూర్చుని, దారి వైపు చూస్తూ, నాకోసం పక్కన చోటుంచిన మనిషి ఒకతె ఉందని తోచనేలేదు. ఆ పెద్దాయన ఏమయ్యాడో తెలుసుకుందామని తర్వాత విమాన సంస్థకు రాశాను. ప్రయాణికుల వివరాలు చెప్పలేమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. బతికి ఉంటే నన్ను ఇంకా తిట్టుకుంటూనే ఉండొచ్చు. ఆయన తిట్టుకుంటూ ఉండాలనే కోరుకుంటున్నాను.

ఇటువైపు వచ్చేవాళ్ళకు ఒక్క మాట. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ నుంచి తెల్లవారుజాము విమానం పెట్టుకోకండి. ముందురోజు మధ్యాహ్నం విమానానికి వచ్చి రాత్రికి హైదరాబాద్‌లో ఉండి, పొద్దున్నే శ్రీశైలం రోడ్డెక్కండి. రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర అడవి గేటు మూసేస్తారు, మళ్ళీ ఉదయం ఆరుకే తీస్తారు.