ఛాంపియన్ నమలలేని రొట్టె

మా జిల్లా బాక్సింగ్ ఛాంపియన్ వాళ్లమ్మ ఒక్క పోటీ కూడా చూసి ఎరగదు. ఎవరికి అన్నం పెట్టినా, ఎదురుగా కూర్చుని వాళ్లు నమిలే తీరునే చూస్తుంది.

ఒక ఏడు ఆమె కొడుకుతో ఇద్దరం వేర్వేరు రోజుల్లో తలపడ్డాం. ప్రొద్దుటూరువాడు చివరి రౌండు దాకా నిలబడి పాయింట్ల మీద ఓడాడు. జమ్మలమడుగు నుంచి వెళ్లిన నేను ఒక్క గుద్దు గుద్దానో లేదో, మొదటి రౌండులోనే పడిపోయాను. అప్పటినుంచీ ప్రొద్దుటూరువాడు నన్ను చూస్తే చాలు, కాలరెగరేసేవాడు.

కొన్నాళ్లకు ఛాంపియన్ మా ఇద్దర్నీ పులివెందులలో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. మేం రొట్టె తుంచుతుండగా వాళ్లమ్మ అడిగింది.

"మీలో జమ్మలమడుగోడు ఎవురప్పా?"

సిగ్గుపడుతూనే చెయ్యెత్తాను.

"పొద్దుటూరోనితో ఆడొచ్చిన దినం నా కొడుకు జొన్నరొట్టె, కోడికూర మామూలుగానే తిన్యాడు. నీతో ఆడొచ్చిన దినం దవడ ఆడక, సంగటి మజ్జిగలో పిసికిస్తే తాగినాడు."

ప్రొద్దుటూరువాడు నమలడం ఆపేశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆమె లేచొచ్చి నా దవడ మీద మెల్లగా ఒకటి వేసింది.

"వాడు ఆ పూట రొట్టె తినలేకపాయ గదా, దానికి," అంటూ ఇంకో రొట్టె నా పళ్లెంలోనే వేసింది.