చెప్పకుండా లేచిన రోజు

పరామర్శకు వెళ్లడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకో పొగరు ఉండేది. బ్రూస్‌పేటలో మా వీధిలో ఎవరింట చావు జరిగినా ముందుగా గడప తొక్కేది నేనే. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నాకు తెలుసనుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నాతోపాటు అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఆమె మోక అనే పల్లెలో ఉంటుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు విదేశంలో నర్సు. అక్కడ యుద్ధం మొదలైంది. ఆ పిల్ల పనిచేసే ఆసుపత్రి మీద బాంబు పడ్డ నాటి నుంచి ఫోన్ లేదు. చనిపోయినవాళ్ల జాబితాలో పేరు లేదు, బతికినవాళ్ల జాబితాలోనూ లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లాను.

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఆడ కరెంటు ల్యాకుండొచ్చు గదా అక్కా?" అంది.

"ఊఁ."

"సిగ్నల్ దొరకాల గదా? సుమ్నే, ఊరికే బేజారు పడతాండానేమో."

"ఊఁ" అన్నాను మళ్లీ.

బస్సు వేళయింది. లేచి, చెప్పులేసుకుని, మాట్లాడకుండా బయటికొచ్చాను. వీధి మలుపు దాటానో లేదో వెనక నుంచి ఉరుకుతూ వచ్చి నా రెక్క పట్టుకుంది. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"పోయొస్తానని చెప్పకుండా పోతాండావేందక్కా? నా బిడ్డేమన్నా సచ్చిపోయిందా?"

చావింటి నుంచి లేచేటప్పుడు మాలో ఎవరూ 'పోయొస్తా' అనరు. అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్లీ రాకూడదని. ఎన్నో ఏళ్ల అలవాటు నన్ను అలాగే లేపింది. ఆ పిల్ల ఇక లేదని నా మనసు ఎప్పుడో ఖాయం చేసుకుంది. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకు తెలిసిపోయింది.

"తప్పయిపోయింది తల్లీ" అని నడివీధిలో ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. తిట్టనూ లేదు. రెక్క వదలకుండా ఇంటికి తీసుకెళ్లి, నేను లేచిన చోటే మళ్లీ కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చెప్పి పో."

"పోయొస్తా."

"గట్టిగా చెప్పక్కా."

గట్టిగా చెప్పాను. అప్పుడు ఫోన్ తీసి, కూతురి పేరు నొక్కి, వాయిస్ మెసేజ్ పెట్టేందుకు నా నోటి దగ్గర పట్టుకుంది.

"పాపకు గూడా చెప్పు."

"పాపా, పెద్దమ్మను. పోయొస్తానమ్మా. నువ్వూ బిన్నా రా, తొందరగా రా" అన్నాను.

మెసేజ్ పక్కన ఒక్క టిక్కు పడింది. రెండోది పడుతుందేమోనని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. బయట నా బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు.