బాగానే ఉన్నానన్న జపాను అమ్మాయి

పోయిన వారం టకానినిలో మా అమ్మాయి ఇంట్లో, నెల కూడా నిండని మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉండగా, పసిపిల్లల్ని చూడడానికి ఇంటింటికీ తిరిగే నర్సు వచ్చింది. బిడ్డను తూచి, పాల సంగతి అడిగి, ఆఖరున మా అమ్మాయి చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చింది. ఈ మధ్య హాయిగా నవ్వగలుగుతున్నావా, ఊరికే భయం వేస్తోందా, ఏడుపొస్తోందా, ఇలాంటి ప్రశ్నలు. మా అమ్మాయి చకచకా వేలితో నొక్కేసి, "అమ్మా, నువ్వు జాబ్‌లో ఉన్నప్పుడు అందర్నీ అడిగినవి ఇవే కదా?" అంది. ఇవేనమ్మా అన్నాను. అన్నానే గానీ, మనసు మాత్రం మేము మునుపు కాపురమున్న పామర్‌స్టన్ నార్త్ ఊరికి వెళ్ళిపోయి, పాతికేళ్ళ కిందటి ఒక చిన్న ఇంటి గుమ్మం ముందు నిలబడింది.

మా వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మావారికి అక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికితే వెంట వెళ్ళాను. గుంటూరులో వార్డు నర్సుగా చేసినదాన్ని, ఇక్కడ మళ్ళీ చదివి, పరీక్షలు రాసి, చివరికి బాలింతల ఇళ్ళకు వెళ్ళే నర్సునయ్యాను. ఊరంతా బల్లపరుపు, ఎటు చూసినా సైకిళ్ళు, కారు తలుపు తెరిస్తే చేతిలోంచి లాక్కుపోయేంత గాలి. చీర మానేసి ప్యాంటు వేసుకోవడానికి నేను పడ్డ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఈ దేశపు కివీ తల్లులు నేను వెళ్ళగానే టీకి నీళ్ళు పెట్టి, మొగుడి మీదా అత్తగారి మీదా ఉన్నదంతా వెళ్ళబోసుకునేవారు. వాళ్ళకు దిగులుగా ఉంటే దిగులుగా ఉందనే అనేవారు, నాకది వింతగా ఉండేది. మనవైపు ఆడవాళ్ళు అలా అంటారా? తల దిమ్ముగా ఉందనో, నడుము లాగేస్తోందనో, అన్నం సహించడం లేదనో అంటారు. మిగతాది ఎదుటివాళ్ళు అర్థం చేసుకోవాలి.

ఆ చిన్న ఇంట్లో ఉండే జపాను అమ్మాయి భర్త పశువుల మేత మీద పరిశోధన చేయడానికి వచ్చినవాడు. వాళ్ళకు తొలికాన్పు, ఆడపిల్ల. నేను వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా ఉంది, ఉతికిన బిడ్డ బట్టలు అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. ఆమె కూర్చోకుండా నాకు టీ ఇచ్చింది, నేను వద్దన్నందుకు క్షమించమంది, బిడ్డ ఏడ్చినందుకు క్షమించమంది. ప్రశ్నలన్నిటికీ చిరునవ్వుతో బాగానే ఉన్నానన్న జవాబే. ఆ జవాబులకు మేము వేసే మార్కులన్నీ కలిపితే వచ్చిన మొత్తం, మేము ఆందోళన పడవలసిన గీతకు చాలా దిగువనే ఉంది. అయితే నేను బయల్దేరేముందు మాత్రం భుజాలు రాయిలా బిగిసిపోయాయని ఒకసారి, తన పాలు మంచివి కావేమోనని ఒకసారి అంది.

ఆఫీసుకు వచ్చాక ఆ భుజాల మాట నన్ను వదలలేదు. రెండో కాన్పుకు అదే ఊళ్ళో నేను ఒంటరిగా ఉన్నప్పుడు, మా ఇంటికి వచ్చిన నర్సుతో నేనూ అంతా బాగుందనే చెప్పి, ఆవిడ కారు మలుపు తిరిగాక వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా పెద్ద నర్సమ్మ పొడుగాటి కివీ మనిషి, ఎప్పుడూ గడియారం చూసుకుంటూ ఉండేది. లెక్క ప్రకారం మళ్ళీ వెళ్ళనక్కర్లేదు గానీ నాకు వెళ్ళాలనుందని ఆవిడకు చెప్పాను. "అయితే వెళ్ళు, డియర్. బిడ్డను తూచడానికి ఎవరి పర్మిషన్ కావాలి?" అంది.

వెళ్ళాను. బిడ్డ బరువు నిక్షేపంలా పెరిగింది. ఆమె మాత్రం చిక్కింది. ఆ రోజు నేను సంచిలోంచి ఏ కాగితమూ తీయలేదు. నా తొలికాన్పుకు మా అమ్మ నన్నెలా చూసుకుందో చెప్పడం మొదలుపెట్టాను. చెవుల్లో దూది పెట్టడం, చన్నీళ్ళు ముట్టుకోనివ్వకపోవడం, పొద్దున్నే ఉండ చేసి మింగించిన కాయం, వేడన్నంలో వెల్లుల్లి కారం, నలుగు పెట్టి పోసిన నీళ్ళు, సాంబ్రాణి పొగ, ఇవన్నీ నాకొచ్చిన ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ చెప్పాను. వెల్లుల్లి వాసన గురించి చెప్పినప్పుడు ఆమె నవ్వింది. ఆ తర్వాత మెల్లగా, "మాకూ అంతే. బిడ్డ కోసం అమ్మ ఇంటికి వెళతాం. ఒక నెల, ఇంకా ఎక్కువ. పడుకో, పడుకో అంటుంది అమ్మ" అంది. మరి నువ్వెందుకు వెళ్ళలేదని అడిగాను. కడుపుతో ఉండగా రక్తం కనిపించిందట, విమానం ఎక్కవద్దన్నారట. అమ్మ వద్దామంటే అక్కడ తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడట.

అంతవరకూ నిటారుగా కూర్చున్న మనిషి, ఆ మాట చెప్పి ఒక్కసారిగా ముందుకు వంగిపోయింది. "ఈ పాపకు వేరే అమ్మ ఉంటే బాగుండేది. మంచి అమ్మ" అంది.

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో అంత కష్టపడి అడిగిన మాట ఇంకొకటి లేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా, అని సూటిగానే అడిగాను. ఆమె బిడ్డ పాదాన్ని చేతిలోకి తీసుకుంది. "నది పక్కన నడవడం మానేశాను. నేనంటే నాకు భయం" అంది.

ఆ తర్వాత నేనక్కణ్ణించి కదలలేదు. ఆమె ముందే, ఆమెకు చెప్పి, డాక్టరుకూ భర్తకూ ఫోను చేశాను. ఆయన పొలంలోంచి అలాగే సైకిలెక్కి వచ్చాడు, గడ్డీ బురదా అంటిన రబ్బరు గమ్‌బూట్లతో. గుమ్మంలో కూర్చుని ఆ బూట్లు విప్పుకోవడానికి ఆయన వేళ్ళు సహకరించలేదు. "బాగానే ఉన్నానంది. రోజూ అడిగాను. బాగానే ఉన్నానంది" అని నాతో అంటున్నాడో తనతో అనుకుంటున్నాడో తెలియలేదు. ఆమె లేచి వెళ్ళి, ఆయన ముందు కూర్చుని, ఆ బూట్లు తనే లాగింది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. నేను బిడ్డనెత్తుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, అవతలి ఇంటి కంచెను చూస్తూ నిలబడ్డాను.

తల్లీబిడ్డల్ని విడదీయకుండా, ఇంటి దగ్గరే చూస్తూ, మందులు మొదలుపెట్టారు. ప్రొఫెసరు ఆయనకు సెలవిచ్చాడు, ఆయన గంజి కాయడం నేర్చుకున్నాడు. మా డాక్టరమ్మ వాకబు చేసి, జపాను తల్లులకు ఆ గీతను వాళ్ళ దేశంలో మనకంటే కిందే గీస్తారని, వాళ్ళు మనసు సంగతి అంత తేలిగ్గా పైకి చెప్పరని తెలుసుకుని వచ్చింది. ఆనాటి నుంచి మా ఆఫీసులో, అలాంటి తల్లుల్ని లెక్క చూసి వదిలేయకుండా, నిద్ర గురించీ ఒళ్ళునొప్పుల గురించీ కూడా అడగడం మొదలైంది.

చలికాలం పోతుండగా తండ్రి కాస్త కోలుకోవడంతో, ఆమె తల్లి వచ్చింది. నన్ను పిలిపించారు. నా భుజం దాటని చిన్న మనిషి, వంగి దణ్ణం పెట్టింది, నేనూ రెండు చేతులూ జోడించాను. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, పిడికిళ్ళతో నా భుజాలు తట్టడం మొదలుపెట్టింది. కూతురికి రోజూ ఇలాగే చేస్తోందట. నేను పుట్టింటి నుంచి వచ్చి అప్పటికి ఎన్నేళ్ళో. నా వీపు మీద అమ్మ చెయ్యిలాంటి చెయ్యి పడేసరికి కళ్ళు మూసుకున్నాను. పక్కన ఆ అమ్మాయి పాపకు పాలిస్తూ, నా మొహం చూసి, పళ్ళు కనిపించేలా నవ్వింది.

చదువు పూర్తయ్యాక వాళ్ళు జపాను వెళ్ళిపోయారు. కొన్నేళ్ళు కొత్త సంవత్సరానికి కార్డులు వచ్చాయి, తర్వాత మేము ఇళ్ళు మారాం, వాళ్ళూ మారి ఉంటారు. ఇప్పుడు ఏ దేశపు బాలింతకైనా ఫోనులో అమ్మ రోజంతా కనిపిస్తూనే ఉంటుంది, ఎవరి భాషలో వాళ్ళను అడిగే ఏర్పాట్లూ వచ్చాయి. మంచిదే, మా కాలంలో అవే ఉంటే ఎంత బాగుండేదో. కానీ నర్సులకు మాత్రం తీరిక తగ్గిపోయింది, పాపం, ఒక ఇంట్లో ఉండగానే ఇంకో ఇంటి వేళ మించిపోతుంటుంది. ఆనాటి పాపకు ఇప్పుడు తల్లయ్యే వయసు వచ్చి ఉంటుంది. ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఎక్కడున్నా, ఆ పిల్ల బాగానే ఉన్నానని చెప్పిన తర్వాత కూడా లేచిపోకుండా, ఇంకాసేపు పక్కన కూర్చునే మనిషి ఒకరుంటే చాలునని అనుకుంటూ ఉంటాను.