సన్మానం ఫ్లెక్సీలో భర్త ఫొటో

2025లో సంగతి. పోటీ పరీక్షల ఫలితాలొస్తే చాలు, హైదరాబాద్ నారాయణగూడలోని మా ఫ్లెక్సీ డిజైనింగ్ షాపు ముందు, అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు బారులు కడతారు. మా పనిలో లేఅవుట్ అని ఒకటుంది, అంటే ఫొటోల అమరిక. సన్మానం అందుకునేవాళ్లు పైన పెద్దగా, శుభాకాంక్షలు చెప్పేవాళ్లు కింద చిన్న చిన్న గుండ్రాల్లో ఉంటారు.

ఆ మధ్యాహ్నం సురేష్ అనే అతను వచ్చాడు. భార్య లావణ్యకు డిప్యూటీ తహసీల్దారు ఉద్యోగం వచ్చిందట, మర్నాడు ఊళ్లో సన్మానమట.

“నా ఫొటో ఆమె పక్కకే పెట్టన్నా. ఆమె కంటె జర పెద్దగనే ఉండాలె.”

“తమ్మీ, చూసినోళ్లు నీకేం కొలువొచ్చిందని అడుగుతరు.”

“అడగనీ! ఇన్నేండ్లు ఒక్క రూంల ఉండి చదివినం, ఆమెకొచ్చింది, నాకు రాలే. ఆడోళ్లకైతే రిజర్వేషనుంది. నాకేముంది?”

నాకు ఒళ్లు మండింది. “అయితే ఆమెకు చదవకుంటనే వచ్చిందా?” అన్నాను.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. “మా అమ్మ గూడ, మొగోడివై ఉండి ఏం చేసినవ్ అంటున్నది. ఊర్లకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?”

కోపమంతా పోయి, అయ్యో అనిపించింది.

ప్రింటుకు ముందు అక్షరాలు సరిచూసుకోవడం మా అలవాటు. హోదా ఎలా రాయాలో అడుగుదామని, సురేష్ దగ్గర నంబరు తీసుకుని లావణ్యకు ఫోన్ చేశాను. చేతిలో మౌస్ ఉంది కదా, స్పీకర్ పెట్టాను. హోదా చెప్పాక ఆమె గొంతు తగ్గించింది.

“అన్నా, ఆయనకు చెప్పకు గని, నా ఫొటో చిన్నగ చెయ్యి. ఆయనదే పెద్దగ పెట్టు. రెండు రోజులసంది సరిగ తింటలేడు. నలుగుర్ల తల దించుకునేటట్టు కావద్దు. నాకు కొలువైతే వచ్చింది గద, ఫొటోదేముంది?”

స్పీకర్ ఆపేలోపే అంతా వినబడిపోయింది. సురేష్ తలొంచుకుని కూర్చున్నాడు.

“రిజల్టొచ్చిన్నాడు గూడ ఆమె నవ్వలేదన్నా. నా మొఖమే చూసింది,” అన్నాడు.

తర్వాత తన ఫోన్ తీసి వెతకసాగాడు. మొదట నాకిచ్చింది ఆమె హాల్‌టికెట్ ఫొటో, బిగుసుకుపోయిన ముఖం. ఇప్పుడు చూపించింది చిక్కడపల్లిలో ఓ టీకొట్టు ముందు ఇద్దరూ దిగింది. అందులో లావణ్య పగలబడి నవ్వుతోంది.

“ఇది పెట్టు, పెద్దగ. ఇందులకెల్లి నన్ను కట్ చెయ్. నా ఫొటో కింద గుండ్రంల పెట్టు.”

కట్ చేశాక ఆమె భుజం మీద అతని చెయ్యి మిగిలిపోయింది. తుడిచెయ్యాలా అని అడిగాను.

“ఉండనీ అన్నా.”

మగవాడి రోషం వెనక ఎంత సిగ్గు ఉంటుందో, ఆ సిగ్గు బయటపడకుండా ఆడమనిషి తన సంతోషాన్ని ఎంత కుదించుకుంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఏ భర్త ఫ్లెక్సీ కోసం వచ్చినా, సైజు సంగతి తర్వాత, ముందు ఆమె నవ్వుతున్న ఫొటో ఉందా అని అడుగుతున్నాను.